తీసుకున్నదానికి బదులుగా

మెదక్ జిల్లాలో శంకరంపేటలు రెండున్నాయి. ఒకటి పెద్ద శంకరంపేట, ఇంకొకటి చిన్న శంకరంపేట. సర్కారు కాగితాల్లో మాత్రం అందోలు వైపుదానికి 'ఎ', రామాయంపేట వైపుదానికి 'ఆర్' తోక తగిలిస్తారు. పద్దెనిమిదో శతాబ్దంలో పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణి శంకరమ్మ పేరు మీదే శంకరంపేట వెలిసిందని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆమె గుర్రమెక్కి యుద్ధాలు చేసిందని, నిజాం 'రాయబాగన్' అనే బిరుదిచ్చాడని కథలున్నాయి. సంగారెడ్డి, సదాశివపేట పేర్లు కూడా ఆ కుటుంబం నుంచే వచ్చాయంటారు. మగవాళ్ళవైన ఆ పేర్లు చెక్కుచెదరలేదు. శంకరమ్మ పేరు మాత్రం జనం నోళ్ళలో నలిగి చివరి 'అమ్మ'ను పోగొట్టుకుంది. ఇవాళ బస్సు బోర్డు మీద ఊరి పేరు చదివిన కొత్తవాళ్ళు శంకరం అనే ఆయనెవరో కట్టించాడనుకుంటారు. మాటలు అరగడం భాషలో మామూలే. కానీ ఎక్కడ అరిగిందో చూడకుండా ఉండలేం కదా.

ఇలాంటి ఊళ్ళో, దాచినదాన్ని వెతుక్కుంటూ నడిచే ఆట ఒకటి ఆడితే ఏమవుతుంది? ఆ ఆట పేరు జియోక్యాషింగ్. ఉపగ్రహాల సాయంతో మనమెక్కడున్నామో చెప్పే జీపీఎస్ మొదట్లో అమెరికా సైన్యానిది. మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలనే మసకబార్చి ఇచ్చేవారు. 2000 మే మొదటి వారంలో క్లింటన్ ప్రభుత్వం ఆ మసక తీసేసింది. వెంటనే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గరి అడవిలో ఒక నల్ల బకెట్టులో కొన్ని వస్తువులు, ఒక పుస్తకం పెట్టి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెప్పాడు. ఇప్పుడు ప్రపంచమంతటా ఇలాంటి డబ్బాలు 30 లక్షలకు పైనే ఉన్నాయి. పాత గ్రామాల్లో కోట గోడలు, బావులు, సమాధులు చుట్టి వచ్చేలా నడకలు కూడా ఏర్పాటు చేస్తారు. నియమాలు కొన్నే. డబ్బాలోంచి ఏదైనా తీసుకుంటే అంత విలువైనది, లేదా అంతకన్నా ఎక్కువది అందులో పెట్టాలి. పుస్తకంలో పేరు రాయాలి. డబ్బాను ఎక్కడిదక్కడే ఉంచి రావాలి. పాతిపెట్టకూడదు, స్థలం యజమాని అనుమతి ఉండాలి. (మన ఊళ్ళల్లో ఆ యజమాని ఎవరో పట్టాపుస్తకం చూస్తే తెలుస్తుంది. గ్రామకంఠం అయితే సర్పంచిని అడగాలి. సర్పంచి ఆడమనిషైతే చాలాచోట్ల అనుమతిచ్చేది ఆమె భర్త.)

ఇందులో నన్ను ఆకర్షించింది డబ్బా కాదు, నడక. తెలుగులో 'ఊరికే' అనే మాటకి పనేమీ లేకుండా అని అర్థం. ఊళ్ళో ఆడవాళ్ళు నడవని వీధి లేదు. నీళ్ళకి, కూలికి, కట్టెలకి, రేషను బియ్యానికి, బీడీల గంపతో కార్ఖానాకి నడుస్తూనే ఉంటారు. బతుకమ్మ తొమ్మిది రోజులూ నడివీధి వాళ్ళదే, చెరువుకట్టా వాళ్ళదే. కానీ ఊరికే నడిచే ఆడమనిషి కనపడదు. "ఎటు పోతున్నవ్ వదినా?" అన్న పలకరింపుకి ప్రతిసారీ ఒక జవాబు సిద్ధంగా ఉండాలి. ముంబై నగరంలో ఈ విషయాన్నే పరిశీలించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్' అనే పుస్తకం తెచ్చారు. పనిలేకుండా తిరగడమే హక్కుగా అడగాలన్నది వాళ్ళ వాదన. ఈ ఆట ఆ హక్కునివ్వదు, ఒక జవాబునిస్తుంది. డబ్బా వెతుకుతున్నానని చెప్పొచ్చు. ఆ జవాబు కూడా ఎవరికి చెల్లుతుంది? ప్యాంటు వేసుకుని హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయికి చెల్లుతుంది. ఆమెను చూసి నవ్వి వదిలేస్తారు. అదే వీధిలో కోడలు గోడ సందులో చెయ్యి పెట్టి వెతికితే నవ్వుతారా?

నవ్వరు. మెదక్ చుట్టుపక్కల ఊళ్ళకు బాణామతి అనే మాట కొత్త కాదు. ఇంటి ముందర ఒక నిమ్మకాయ, ఇన్ని వెంట్రుకలు, ఒక గుడ్డమూట దొరికితే చాలు, ఎవరు పెట్టారన్న వెతుకులాట మొదలవుతుంది. అది తరచుగా వేలెత్తి చూపేది ఒంటరి ఆడమనిషినో, దళిత కుటుంబాన్నో. కొట్టడాలు, పళ్ళూడగొట్టడాలు, చంపడాల దాకా పోయింది. అక్కడ ఎవరూ చూడకుండా ఒక చిన్న డబ్బాను చెట్టు తొర్రలో పెట్టడం ఆట ఎలా అవుతుంది? ఈ ఆట తెలియని స్థానికుల్ని ఆటగాళ్ళు 'మగుల్స్' అంటారు. హ్యారీ పోటర్ కథల్లో మంత్రశక్తి లేని మామూలు మనుషులకు పెట్టిన పేరది. మగుల్స్ కంట పడకుండా తీసి, కంట పడకుండా పెట్టడం ఆటలోని మజా. మంత్రం తెలిసినవాళ్ళమని సరదాగా చెప్పుకోగలిగినవాళ్ళు, ఆ పేరుతో ఎన్నడూ దెబ్బలు తినని చోటి నుంచి వచ్చినవాళ్ళు.

మన దగ్గర నిధివేట అంటే ఇంకో సంగతి కూడా ఉంది. గుప్తనిధుల కోసం రాత్రివేళ పాతగుళ్ళు తవ్వి, నందుల్ని పగలగొట్టి పోయేవాళ్ళ గురించి పేపర్లలో చదువుతూనే ఉంటాం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పాలి. ఈ దేశంలో నేలలో దాగినది ఎవరిదన్న ప్రశ్నకు చట్టం దగ్గర జవాబుంది. జ్ఞాపకంలో దాగినదాని గురించి ఏ చట్టమూ లేదు.

స్త్రీలు దాచుకునేవి చూడండి. పోపుల డబ్బాలో నోట్లు, బియ్యం గుమ్మిలో ముడుపు, పాత చీర మడతలో చదువుకున్న రోజుల నాటి ఒక ఉత్తరం. జహీరాబాదు ప్రాంతంలో దళిత స్త్రీలు బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో కాపాడుకున్న కొర్ర, సామ విత్తనాలు. అవి ఇంకెవరో వచ్చి కనుక్కోవాలని దాచినవి కావు. విత్తనాలైతే అడిగినవాళ్ళకి ఇస్తారు, మళ్ళీ పంట వచ్చాక తిరిగి తీసుకుంటారు. నోట్లు మాత్రం దొరికిపోవడమే ప్రమాదం. సరదాకి దాచడమూ, బతకడానికి దాచుకోవడమూ చేతికి ఒకే పనిలా కనిపిస్తాయి. నైతికంగా ఆ రెంటికీ పోలిక లేదు.

ఇక్కడే ఈ ఆట మన పనికి చాలా దగ్గరగా వస్తుందని నాకనిపిస్తుంది. మనమంటే రాసేవాళ్ళం, పరిశోధన చేసేవాళ్ళం. ఊళ్ళకు పోతాం, రికార్డరు పెడతాం, ఇన్నేళ్ళూ ఎవరూ అడగని విషయాలు అడుగుతాం. ఆమె చెబుతుంది. అది మన వ్యాసమవుతుంది, థీసిస్ అవుతుంది, ఒక్కోసారి ఉద్యోగమవుతుంది. ఆ డబ్బాలో మనం ఏం పెట్టి వస్తున్నాం? అంత విలువైనదో, అంతకన్నా ఎక్కువదో పెట్టాలన్న నియమం సెలవురోజు ఆటలో ఉంది. మన పద్ధతుల పుస్తకాల్లో సమ్మతి పత్రం ఉంటుంది, ఆ నియమం ఉండదు. సమ్మతి అంటే తీసుకోవడానికి అనుమతి. బదులు అనేది వేరే సంగతి.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఈ విషయంలో ఇప్పటికీ నాకు కొలమానం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు అందులో తమ పేర్లతో, తమ మాటల్లో ఉన్నారు. మల్లు స్వరాజ్యం, చిట్యాల ఐలమ్మ, దూడల సాలమ్మ ఎవరో ఒకరి సిద్ధాంతానికి ఉదాహరణలుగా కాక, మాట్లాడే మనుషులుగా కనిపిస్తారు. ఆటలో వెతికినవాళ్ళు పుస్తకంలో తమ పేరు రాసుకుంటారు. ఇక్కడ దాచుకున్నవాళ్ళ పేరుంది. అది తెలుగులో రావడం కూడా చిన్న విషయం కాదు. ఆ తర్వాత 1989లో ఇంగ్లీషులోకి వెళ్ళినా, చెప్పినవాళ్ళ భాషలో ముందే ఉంది.

ఇంక మిగిలింది, పుస్తకం డబ్బాలోనే ఉండాలన్న నియమం. అంటే కథ ఊళ్ళోనే ఉండాలి, తర్వాత వచ్చేవాళ్ళు, ముఖ్యంగా ఆ ఊరి ఆడపిల్లలు చదవాలి. శంకరంపేటలో అలాంటి నడకే పెడితే డబ్బాను చెట్టు తొర్రలో కాకుండా బడిలోనో, అంగన్‌వాడీలోనో అందరికీ కనపడేలా పెట్టాలంటాను. పేరులోంచి జారిపోయిన 'అమ్మ' దగ్గర మొదటి ఆనవాలు, ఆ పైన ప్రతి ఆనవాలూ ఆ ఊరి స్త్రీలే పెట్టాలి. వినడానికి బాగానే ఉంది. అయితే ఊళ్ళో ఉన్న పుస్తకాన్ని మొగుడూ చదువుతాడు, అత్తా చదువుతుంది. పరాయిదాన్ని కదా అనే ఆమె నాకు చెప్పింది. రేపు పోయేదాన్ని గనకే చెప్పింది. ఆ మాటను తిరిగి ఆమె వాకిట్లోనే పెట్టి రావడం బదులు తీర్చడం అవుతుందో, పట్టివ్వడం అవుతుందో నేనొక్కదాన్నే తేల్చలేను. పుస్తకం ఇక్కడ ఉంచాలా, తీసుకుపోవాలా, పేరు రాయాలా వద్దా అని ఆమెనే అడగాలి. అడిగితే ఆమె, అసలు రాయనే వద్దు అనొచ్చు.

అప్పుడు మూతపెట్టి తిరిగి బస్సెక్కాలి.