తక్కెడయు ముద్రయు

రాజ్యాధికారమునకును వాణిజ్యమునకును నుండదగిన సంబంధ మెట్టిది? ఈ ప్రశ్న రాజనీతి గ్రంథములలో మాత్రమే యుండునని పెక్కురు తలంతురు. కాని కృష్ణా డెల్టాలో బ్రతుకువారి కిది గ్రంథములలోని ప్రశ్న గాదు, కల్లములోని ప్రశ్న. తక్కెడ వర్తకుని గురుతు, ముద్ర పాలకుని గురుతు. ఈ రెండును ఒక్క చేతిలో నుండవచ్చునా? ఉండరాదన్నచో, ఆ రెండు చేతులును చాటున కలిసికొనకుండ కావలి యుండువా రెవరు?

మన తీరముననే యిందుకు రెండు పాత నిదర్శనములు గలవు. మొదటిది మోటుపల్లి. అంతకుముందు తుపానున జిక్కి యొడ్డునకు గొట్టుకొనివచ్చిన యోడలలోని సరకును రాజులు స్వాధీనము చేసికొనుచుండిరి. 1244వ సంవత్సర ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో నభయశాసనము వేయించి, యీ యాచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము దప్ప మరేమియు గొననని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. ఆ రాజు తాను వర్తకుడు కాలేదు. వర్తకునికి శత్రువును కాలేదు. తన హద్దును తానే గీచికొనెను. బలవంతుడు తన చేతులను తానే కట్టుకొనుటకంటె గొప్ప రాజధర్మ మున్నదా?

రెండవది ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ. 1611లో మచిలీపట్టణమున కోఠీ పెట్టుకొని బట్టల బేరమునకు వచ్చినవారు, 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులకు హక్కుదారులై, 1788 నాటికి గుంటూరు సీమను గూడ వశపరచుకొనిరి. అంతట బట్ట కొనువాడే పన్ను వసూలు చేయువాడయ్యెను; బయానా యిచ్చువాడే తీర్పు చెప్పువాడయ్యెను. ధర చాలదని నేతగాడు మొరపెట్టుకొనదలచినచో, ఎవరిపై ఫిర్యాదో వారి వాకిటికే పోవలసి వచ్చెను. 1776లో ఆడం స్మిత్ తన గ్రంథమున ఈ కంపెనీనే చూపి, పాలకుని గుణమును వర్తకుని గుణమును ఒకచోట నిముడవని వాదించెను. ప్రజలు కలవారగుట పాలకునికి మేలు. వారి సరకు చౌకగా దొరకుట ఆ వర్తకునికి మేలు. ఒక్కడే ఇద్దరైనపుడు ఏ మేలు గెలుచునో చెప్పనక్కరలేదు.

1833 నాటి చట్టము కంపెనీచేత వర్తకము మాన్పించెను. సరిగా ఆ కాలముననే, 1832-33లలో, నందన కరవు గుంటూరు సీమను శ్మశానము గావించెను. ప్రక్కన కృష్ణ యుండగనే జనులు తిండిలేక మడిసిరి. బెజవాడ యొద్ద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసినది. నడుమ నిరువదేండ్లు! ఆ నడుమ ఆర్థర్ కాటన్ వంటివారు, నీటికై వెచ్చించిన ధనము శిస్తు రూపమున తిరిగి వచ్చునని లెక్కలు చూపి వాదింపవలసి వచ్చెను. ఆ యానకట్ట చేసిన మేలును మేము కాదనము. దాని నీటితో పండిన యన్నముననే మా పెద్దలు పెరిగిరి. కాని ప్రాణములు నిలుపుటకు సైతము లాభము రుజువు చేయవలసి వచ్చినదే, అది వర్తకుడు గద్దె యెక్కిన రాజ్యమునకు గురుతు.

అట్లని ప్రభుత్వము బజారును దాని దారిని వదలి తొలగిపోవలెనా? కౌటిల్యు డట్లు తలపలేదు. తూనికలకును కొలతలకును అధ్యక్షుని నియమించి, స్వదేశపు సరకుపై నూటికి 5, పరదేశపు సరకుపై నూటికి 10 లాభమని హద్దు పెట్టెను. ధాన్యమును నిలువ చేయు శక్తి చిన్న రైతునకు లేదు. అప్పు వేచియుండదు, వాన వేచియుండదు. గిట్టుబాటు లేక 2011లో కోనసీమ రైతులు పంట విరామమే ప్రకటించిరి. కనుక ప్రభుత్వము ధర నిర్ణయించుట న్యాయమే. 2024-25లో సామాన్యరకపు ధాన్యమునకు క్వింటాలు 2,300 రూపాయలని నిర్ణయించిరి. తేమ నూటికి 17 మించరాదని నియమము. కొనుట ప్రభుత్వము వంతు, ఆడించి బియ్య మప్పగించుట మిల్లు వంతు. ఇక్కడ తక్కెడయు ముద్రయు వేర్వేరు చేతులలోనే యున్నవి. ఇక నేమి లోపము?

మొన్నటి సార్వా పంట నాళ్లలో నొక పెండ్లి విందున మా పూర్వశిష్యు లిద్దరు మా కిరుప్రక్కల కూర్చుండిరి. ఒకడు మిల్లు యజమాని, ఒకడు ప్రభుత్వోద్యోగి. మిల్లతడు, “తడి ధాన్యం దించుకుంటే నూకైపోతుంది మాస్టారూ! నూటికి అరవై ఏడు పాళ్లు బియ్యం నేను లెక్కచెప్పాలి” అనెను. ఉద్యోగి, “మాకు మనుషులేరండీ? మిల్లువారు తేమ ఎంతంటే అంతే రాసుకుంటున్నాం” అనెను. ఇద్దరును అబద్ధమాడలేదు. ఇద్దరును మంచి పిల్లలే. కాని మూడవవాడు ఆ బంతిలో లేడు.

అతడు మరునాటి యుదయమున మా వాకిటికి వచ్చెను. మా రెండెకరములు కౌలుకు చేయునతడు. కల్లమున ఎండిన ధాన్యమునకు మిల్లులో తేమ యెక్కువ తేలి, తరుగు పోయినదట. “ఆ మిషనూ వాళ్లదే, చీటీ రాసేదీ వాళ్లే. నాదన్నది ధాన్యమొక్కటే గదండీ మాస్టారూ! అదీ కాగితంలో మీ పేరునే ఉంది” అనెను.

చదువరులారా, ఆ కడపటి మాట మమ్ము నిలువున కోసినది. కౌలుదారునకు పదునొకండు నెలల సాగు హక్కుపత్రము నిచ్చుటకు 2019లో చట్టము చేసిరి. కాని దానికి భూయజమాని సమ్మతి కావలెను. అతడు మమ్ము రెండు మారులు అడిగెను. భూమి చేజారునేమో యన్న పిరికితనమున, “చూద్దాంలే” యని మేము త్రోసిపుచ్చితిమి. ఆ పత్రము భూమిపై నతనికి హక్కు నీయదని చట్టమే చెప్పుచున్నను మా భయము చట్టమును చదువలేదు.

ప్రభుత్వ వాణిజ్యములు కలిసిపోకుండ చూడవలసినది సంఘము. తేమ చూచు యంత్రము మిల్లువానిది కారాదు. చూపిన యంకెను రైతు వినునట్లు చదువవలెను. తరుగునకు చీటీ నీయవలెను. ఇవి యడుగుట కష్టము గాదు. కాని యడుగవలసిన మధ్యతరగతి గృహస్థునకు చాటున స్వలాభ ముండినచో, అతని నోరు పెగలదు. మిల్లు లాభము చూచుకొన్నది, ఉద్యోగి సౌకర్యము చూచుకొన్నాడు, మేము కౌలు చూచుకొంటిమి. సంఘమనగా మరెవరో కాదు. ఆ “చూద్దాంలే” యన్నవారమే.

ఈ వ్యాసము మొదలుపెట్టుటకు ముందే సంతకము చేసితిమి. అందులకు పట్టినది అరగంట. వాయిదా వేసినది రెండేండ్లు. ఆలస్యముగ చేసిన పని యుపదేశము చేయుట కర్హత కాదని యెరుగుదుము. కాని ఇంకను సంతకము చేయనివారు మా వంటివా రెందరో కలరు గనుక, ఈ నాలుగు మాటలు వారికే వ్రాసితిమి.