పొయ్యికిని ఒక పిట్టగోడ

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 22:6



పోలవరము వారమైన మనకు గోదావరి భయము క్రొత్తది కాదు. 1986 ఆగస్టు వరదను కన్నులార చూచినవారు నేటికిని మన మధ్య నున్నారు. ధవళేశ్వరము బ్యారేజివద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరగానే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇచ్చెదరు. ఆ మాట చెవిని పడగానే మూటాముల్లె సర్దుకొని, పశువులను మెరకకు తోలుకొని పోవుదుము. అగ్నికి మాత్రము మొదటి హెచ్చరిక లేదు, రెండవదియు లేదు. వరద ఎగువనుండి వచ్చును. అగ్ని తరచుగా మన చేతిలోనుండియే లేచును.

ఇశ్రాయేలీయులు ఇంకను గుడారములలో నుండగానే దేవుడు వారు కట్టబోవు ఇండ్లను గూర్చి ఆజ్ఞ ఇచ్చెను. ఇల్లు కట్టువాడు పైకప్పునకు పిట్టగోడ కట్టవలెను. కట్టనియెడల ఎవడైన పడి చచ్చినప్పుడు ఆ దోషము ఇంటివాని మీదికి వచ్చును. గమనించుడి, అక్కడ ఎవడును ఎవనిని త్రోయలేదు. ఇంటివానికి పగ లేదు, దురాలోచన లేదు. కట్టవలసిన గోడ కట్టలేదు, అంతే. అజాగ్రత్తయు దేవుని యెదుట లెక్కకు వచ్చునన్నమాట. మరియు నిప్పు ముళ్ళకంపకు అంటుకొని పొరుగువాని పనలకుప్పను గాని పైరును గాని కాల్చినయెడల, అంటించినవాడే నష్టము అచ్చుకొనవలెనని నిర్గమకాండము చెప్పుచున్నది. “గాలి చేసినది, నేను కాదు” అనుటకు అతనికి త్రోవ లేదు.

ఈ వాక్యముమీద నేను పలుమారులు ప్రసంగించితిని. ఒక వేసవి రాత్రి ఆ వాక్యమే నాకు ప్రసంగము చేసెను. కూటమునకు పోవు తొందరలో దోమల కాయిలు వెలిగించి, కిటికీ ప్రక్కనున్న మంచము దగ్గర పెట్టి, తలుపు వేసికొని పోతిని. దుప్పటి కొస జారి దానిమీద పడెను. ప్రక్కయింటి వృద్ధురాలు, మన సంఘస్థురాలు కాదు, పొగ చూచి కేకలు వేసి కిటికీ ఊచల సందునుండి బిందెలకొలది నీళ్ళు కుమ్మరించెను. నేను వచ్చుసరికి పరుపు సగము కాలియుండెను. స్తోత్రము చెల్లింప మోకరించితిని గాని నోట మాట రాలేదు. నాది స్లాబు ఇల్లు. ఆమెది తాటాకు పాక. ఆ గాలికి మంట కిటికీ దాటినయెడల ముందు కాలునది ఆమె కప్పే. నాకు పోవునది పరుపు, ఆమెకు పోవునది బ్రతుకు. మరునాడు ఆమె గుమ్మములో నిలిచి, తప్పు నాదని ఒప్పుకొంటిని. ఆమె ఒక్క మాట అన్నది: “ఈసారి పళ్ళెంలో పెట్టండి, అయ్యగారూ.” దేవుడు నన్ను అడిగిన పిట్టగోడ ఒక ఇనుప పళ్ళెమే!

“దేవుడే కాపాడును” అని కొందరందురు. నిజమే. అయితే దేవాలయ శిఖరమునుండి దుముకుమని సాతాను పలికినప్పుడు మన ప్రభువు దుమకలేదు (మత్తయి 4:5-7). విశ్వాసము వేరు, దేవుని శోధించుట వేరు.

కాబట్టి మన యిండ్లకు కావలసిన పిట్టగోడలు కొన్ని చెప్పెదను. కట్టెలపొయ్యిలో వంట ముగియగానే నీళ్ళు చల్లుడి. బూడిద చల్లారినట్లు కనబడినను లోపల కణిక బ్రతికి యుండును. దానిని గడ్డిమేటు దగ్గర పారబోయకుడి. ఎండాకాలమంతయు వాకిట నీళ్ళ గోలెము నింపి ఉంచుడి.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. నేలబారున ప్రాకి మూలలలో నిలుచును. వాసన తగిలినయెడల అగ్గిపుల్ల గీయరాదు. స్విచ్చి వేయరాదు, తీయనురాదు. రెగ్యులేటరు మూసి, తలుపులు తెరచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయుడి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరము గ్రామములో గొట్టమునుండి కారిన గ్యాసు తెల్లవారుజామున అంటుకొని ఇరువదిమందికి పైగా మరణించిరి. అది వంటగ్యాసు కాకపోయినను పాఠమొక్కటే: కారిన గ్యాసు నిప్పు కొరకు కాచుకొని యుండును.

మూకుడులో నూనె అంటుకొన్నయెడల నీళ్ళు పోయకుడి. పొయ్యి ఆపి మూత వేయుడి. క్రిస్మసు నక్షత్రమునకు అతుకుల తీగ వాడకుడి. బట్టలు అంటుకొన్నవారు పరుగెత్తక నేలమీద పడి దొర్లవలెను. కాలినచోట సిరాయు పేస్టును పూయక, ఇరువది నిమిషములు చల్లని నీరు పోయవలెను. అగ్నిమాపక దళమునకు 101. ఈ సంఖ్యను మీ పిల్లలకు కంఠస్థ వాక్యమువలె నేర్పుడి.

స్లాబు ఇండ్లవారమును పాకలవారమును ఒకే బల్లయొద్ద రొట్టె విరుచుచున్నాము. పొరుగువానిని ప్రేమించుట వాని కప్పును తలంచుటతో మొదలగును. ప్రార్థించి పండుకొనుట మంచిది. పొయ్యి చూచి వచ్చి ప్రార్థించుట ఇంకను మంచిది. ప్రభువు మన యిండ్లను, మన పొరుగువారి యిండ్లను కాపాడును గాక. ఆమేన్.