ఒడ్డిన మనిషి

మూడేళ్ల క్రితం ఒక సెమినార్ కోసం కాలడి వెళ్లినప్పుడు మొదటిసారి లాటరీ టికెట్ కొన్నాను. కొనాలని కాదు. బస్టాండులో అమ్ముతున్న ముసలామె నా ముందు నుంచి కదల్లేదు. కేరళలో 1967 నుంచీ ప్రభుత్వమే లాటరీ నడుపుతోంది. మన దగ్గర ఆ అమ్మకం లేదు. పైగా పేకాట పేరెత్తితేనే మొహం తిప్పుకునే ఇంట్లో పెరిగాను. టికెట్‌ని దొంగసొమ్ములా పుస్తకంలో దాచుకున్నాను.

ఆ రాత్రి రైల్లో నిద్ర పోకుండా డబ్బు ఖర్చు పెట్టాను. బాపు రిటైరైతే సెంటినరీ కాలనీ క్వార్టర్ ఖాళీ చేయాలి కదా, రామగిరి ఖిల్లా కనబడేచోట ఒక ఇల్లు. తమ్ముడికి షాపు. అక్క అప్పు. అన్నీ అయ్యాక, తెల్లవారుజామున, నాకొక బల్ల, లోపలి నుంచి గడియ పడే గది. కలలో కూడా నా వంతు చివరికే వచ్చింది.

గది అనగానే మనకు వర్జీనియా వూల్ఫ్ గుర్తొస్తుంది. 1929 నాటి ఆ పుస్తకం నుంచి గదినీ, ఏడాదికి అయిదు వందల పౌండ్లనీ ఎన్ని వ్యాసాల్లో ఉటంకించామో! ఆ పౌండ్లు ఎక్కడివన్నది మాత్రం దాటేస్తాం. కథకురాలి మేనత్త బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోతూ వదిలివెళ్లిన డబ్బది. ఒకరు పడితే ఒకరికి గది.

మా ఇంట్లో అలాంటి లెక్క ఒకటి జరిగింది. సింగరేణిలో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత మిగిలిన దారి కారుణ్య నియామకం. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే తండ్రి దిగిపోతాడు, కొడుకు ఎక్కుతాడు. బాపు మోకాళ్ల నొప్పులతో బోర్డుకు పెట్టుకున్నాడు. ఆయన కొత్తగూడెం వెళ్లిన రోజు అమ్మ వేములవాడ రాజన్నకు కోడె మొక్కింది. ఏమని మొక్కిందో అందరికీ తెలుసు, ఎవరమూ అడగలేదు. సాయంత్రం ఫోనొచ్చింది. ఫిట్. మనిషి బాగున్నాడన్న కబురుకు ఇంట్లో ఎవరూ సంతోషపడలేదు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

చాలాకాలం అమ్మను క్షమించలేకపోయాను. (ఆ ఉద్యోగం లెక్కలో నా పేరు ఎవరికీ తట్టలేదన్న ఉక్రోషం కూడా అందులో కొంత ఉంది, దాచడమెందుకు.) పీహెచ్‌డీ వచ్చిన పొగరుతో ఒకసారి అడిగేశాను, "ఎట్ల మొక్కినవే అట్ల?" అని.

"మీ బాపు మంచిగుండాలె, పిల్లగానికి నౌకరి రావాలె. రెండూ అడిగిన. రెండు ఒక్కసారి ఇయ్యనన్నది రాజన్న గాదు బిడ్డా."

జూదమనగానే ద్రౌపది దగ్గరికి వెళతాం. పందెంలో ఒడ్డబడ్డ స్త్రీ గురించి చాలా రాశాం. ఒడ్డక తప్పని స్త్రీ గురించి అంతగా రాయలేదు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో సడలించినా అది సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనులకే. కాబట్టి అమ్మ ఎన్నడూ బాయి దిగలేదు, కానీ షిఫ్టు షిఫ్టుకీ భర్తను పంపి, తిరిగొచ్చేదాకా ఎదురుచూసింది. ఇష్టంలేని జూదరి అంటే ఐదు నిమిషాల మొహమాటానికి టికెట్ కొన్న నేనా, ఆమెనా? నా కల ఎవరి ఒంటికీ తగల్లేదు. అందుకే దాన్ని అమాయకమైన కల అనుకోగలిగాను. అంత చవగ్గా కలగనే వీలు ఆమెకు లేదు.

టికెట్‌కు ఏమీ తగల్లేదు. ఇంటికొచ్చాక పుస్తకంలోంచి జారిపడితే అమ్మ తీసి, మలయాళ అక్షరాల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"తగిలితే ఏం చేసేదానివే అమ్మా?"

చాలాసేపు ఆలోచించింది. ఇల్లు అనలేదు, తమ్ముడి పేరు ఎత్తలేదు.

"మీ బాపును ఫస్ట్ షిఫ్టుకు లేపేదాన్ని గాదు" అంది.