అర్హత తల్లిదా, బిడ్డదా?

బాలగృహంలో ఉన్న పిల్లలందరూ అనాథలే అని మనం అనుకుంటాం. అది నిజం కాదు. వాళ్ళలో చాలామందికి అమ్మో నాన్నో ఎవరో ఒకరు ఉంటారు. ఉండి కూడా ఆ పిల్లలు ఇల్లు ఎందుకు విడిచిపెట్టాల్సి వస్తుంది? కొన్ని ఇళ్ళల్లో దెబ్బలు, హింస ఉంటాయి. అక్కడి నుంచి బిడ్డను బయటికి తీసుకురావడం న్యాయమే. కానీ కొన్ని ఇళ్ళల్లో ప్రేమకు లోటు లేదు, బియ్యానికే లోటు. బియ్యం లేవని బిడ్డను తల్లి నుంచి వేరు చేయడం న్యాయమా? సాయం చేయాలంటే ఎవరికి చేయాలి? ఎప్పుడు చేయాలి?

మన దేశంలో 2015 నాటి బాల న్యాయ చట్టం దీని గురించి స్పష్టంగానే చెప్పింది. బిడ్డను పెంచే మొదటి బాధ్యత కుటుంబానిది. సంస్థలో పెట్టడం అనేది వేరే దారి లేనప్పుడు చేసే ఆఖరి పని. బిడ్డను కొంతకాలం వేరే కుటుంబంలో ఉంచి పెంచడాన్ని ఫోస్టర్ కేర్ అంటారు. అంతదాకా పోకుండా ముందే ఆదుకోవడానికి స్పాన్సర్‌షిప్ అనే సాయం ఉంది. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. తల్లి వితంతువు అయినా, విడాకులు పొందినా, ఇంటివాళ్ళు వదిలేసినా ఆమె పిల్లలు దీనికి అర్హులు. అమ్మానాన్నలు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలు, తల్లిదండ్రులకు ప్రాణాంతకమైన జబ్బు ఉన్న పిల్లలు కూడా అర్హులే. అయితే ఆదాయానికి ఒక గీత ఉంది. ఏడాదికి పల్లెల్లో 72,000, పట్నాల్లో 96,000 రూపాయలు మించకూడదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఫోస్టర్ కేర్‌లో బిడ్డను పెంచే కుటుంబానికి కూడా ఇదే పథకం కింద నెలకు 4,000 రూపాయలే ఇస్తారు. అంటే బిడ్డను పరాయి ఇంట్లో ఉంచడానికీ, సొంత ఇంట్లో ఉంచడానికీ ఇచ్చే మొత్తం ఒక్కటే. అలాంటప్పుడు ఇల్లు చెదిరాక ఇచ్చేదాని కంటే చెదరకముందే ఇవ్వడం మంచిది కాదా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని పెద్దలు ఊరికే అనలేదు.

ఇప్పుడు ఆ గీత గురించి ఆలోచిద్దాం. 96,000ను 12తో భాగిస్తే నెలకు 8,000 వస్తుంది. మా షోలాపూర్‌లో బీడీలు చుట్టే ఒక తల్లి, భర్త పోయాక ఇద్దరు పిల్లలతో ఉందనుకుందాం. బీడీల మీద, ఇళ్ళల్లో పని మీద కలిపి నెలకు 7,900 వస్తే ఆమె పిల్లలు అర్హులు. రాత్రి ఇంకో గంట మేలుకొని చుట్టి 8,100 తెచ్చుకుంటే అర్హులు కారు. ఎక్కువ కష్టపడినందుకు ఇది శిక్షలాగా లేదా?

దీనికి ఎదురు మాట కూడా ఉంది. గీత లేకపోతే ఉన్నవాళ్ళే ముందు వరుసలో నిలబడతారు, లేనివాళ్ళకు ఏమీ మిగలదు అంటారు. ఆ మాటలో నిజం ఉంది, నేను కాదనను. కానీ గీత ఏమి కొలుస్తోంది అన్నది ముఖ్యం. అమెరికాలో 2018లో ఫ్యామిలీ ఫస్ట్ అనే చట్టం వచ్చింది. అందులో ఈ ముందస్తు సేవలకు ఆదాయం ఎంత అని అడగరు. సాయం అందకపోతే ఈ బిడ్డ ఫోస్టర్ కేర్‌కు పోయే ప్రమాదం ఉందా, సాయం అందితే ఇంట్లో క్షేమంగా ఉండగలదా అని చూస్తారు. ఉంటే తల్లిదండ్రులకు మానసిక వైద్యం, మత్తు మాన్పించే చికిత్స, పిల్లల పెంపకంలో శిక్షణ ఇస్తారు. కానీ ఆ సేవల్లో ఇంటి అద్దెకో బియ్యానికో నెలనెలా డబ్బులు ఇవ్వడం లేదు. మన పథకం జేబు చూస్తుంది, వాళ్ళ చట్టం ప్రమాదం చూస్తుంది. నా అభిప్రాయంలో రెండూ చూడాలి. నూరు రూపాయల తేడా దగ్గర ఆగిపోకుండా, ఆ ఇంట్లో బిడ్డ నిలబడుతుందా లేదా అని అడగాలి.

ఇంకో ప్రశ్న మన గల్లీల్లోనే వినబడుతుంది. "ఆయన తాగుబోతు, ఆ ఇంటికి సర్కారు పైసలు ఎందుకు?" అంటారు. ఇలా అడిగేవాళ్ళు తండ్రి గుణాన్ని చూస్తున్నారు, బిడ్డ ఆకలిని మరిచిపోతున్నారు. సాయం అనేది మంచి తల్లిదండ్రులకు ఇచ్చే బహుమానం కాదు. అది బిడ్డకు రావలసినది. అందుకే అర్హత బిడ్డది అని నేను అంటాను. డబ్బు తాగుడుకు పోతుందని భయముంటే తల్లి చేతికో అమ్మమ్మ చేతికో అందేలా చూడాలి, తండ్రికి చికిత్స ఇప్పించాలి. తండ్రి తప్పుకు బిడ్డ అన్నం ఆపకూడదు.

చివరిగా మాలాంటి వాళ్ళకు దగ్గరైన విషయం. అర్హత ఉన్నంత మాత్రాన సాయం ఇంటికి రాదు. ఆదాయం సర్టిఫికెట్ కావాలి, మరణ ధ్రువపత్రం కావాలి. మరి వదిలేసి వెళ్ళిపోయిన భర్తకు ఏ పత్రం తేవాలి? పైగా ఇక్కడ ఆఫీసు పనులన్నీ మరాఠీలో జరుగుతాయి. మన అమ్మల్లో, అమ్మమ్మల్లో ఎందరో తెలుగు మాత్రమే చదవగలరు, కొందరు అదీ చదవలేరు. అడగడానికి సిగ్గు ఒకటి. కష్టం చెప్పుకోవడమే కష్టం, అది రాని భాషలో చెప్పుకోవాలంటే ఇంకెంత కష్టం! అలా పథకం ఉన్నా పిల్లలు హాస్టళ్ళకో, పనులకో పోతారు.

మనం తెలుగు మీడియంలో చదువుతున్నాం, మరాఠీ కూడా నేర్చుకుంటున్నాం. చట్టాన్ని మార్చే వయసు మనకు లేదు. కానీ ఒక దరఖాస్తును చదివి తెలుగులో చెప్పగలం, చెప్పింది మరాఠీలో రాయగలం. జిల్లా బాలల సంరక్షణ యూనిట్ ఉందనీ, 1098కి ఫోన్ చేయవచ్చనీ పక్కింటి అత్తకు చెప్పగలం. టీచర్లు కూడా ఒక విద్యార్థి బడి మానేశాక కాకుండా, మానేసేలా ఉన్నప్పుడే ఆ ఇంటి సంగతి కనుక్కోవాలి. రెండు భాషలు వచ్చిన మనకు ఇది ఉపకారం కాదు, బాధ్యత.