ఓడినవారి చేతిలో గెలుపు కప్పు

"నా పని నేను చక్కగా చేసితిని. పక్కవాడు చేయలేదు. వాని లోపమునకు నేనేల నష్టపడవలెను?" ఈ మాట ఎన్నడును అనని వారు మనలో ఉండరు. ఉమ్మడి సేద్యములో అన్నదమ్ములు అందురు. చెరువు పూడిక తీయుటకు కూడిన ఊరివారు అందురు. గుడి గోడకు సున్నము వేయింతమని చందా వేసికొన్న సంఘస్థులును అందురు. ఆ మాట న్యాయముగానే తోచును. ఎవని కష్టము వానికి, ఎవని ఫలము వానికి అనుట త్రాసులో తూచినట్లుండును గదా! అయితే ఈ త్రాసు అన్ని చోట్లను చెల్లునా? ఒక ఆటను చూచి ఈ సంగతి ఆలోచించుదము. ఆటయే గదా అని తేలికగా తీసివేయకుడి. మనుష్యుల గుణము పనిలో ఎంత బయటపడునో ఆటలోను అంతే బయటపడును.

టెన్నిసు ఆటను మీలో కొందరు టీవీలోనో సెల్‌ఫోనులోనో చూచియుందురు. నడుమ వల కట్టిన కోర్టులో అటొకరు ఇటొకరు నిలిచి, నరములు బిగించిన రాకెట్టుతో బంతిని కొట్టుదురు. ఇది స్వభావమున ఒంటరి ఆట. ఆటగాండ్రు ఏడాది పొడుగున దేశదేశములు తిరిగి ఎవరికి వారే ఆడుదురు. గెలిచిన పేరు వారిదే, డబ్బు వారిదే. ఓడిన సిగ్గును వారిదే. మన త్రాసు ఇక్కడ చక్కగా పనిచేయును.

అయితే ఇదే ఆటలో మరియొక రీతి పోటీయు కలదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరములో 1989 మొదలుకొని 2019 వరకు ఏటేట హాప్‌మన్ కప్పు అను పోటీ జరిగెను. హ్యారీ హాప్‌మన్ అనునాయన ఆస్ట్రేలియా జట్టును చాలకాలము నడిపించి, దానికి పెక్కు విజయములు చేకూర్చిన పెద్ద. ఆయన 1985లో చనిపోయెను. ఆయన పేరనే ఈ కప్పు వెలసెను. ఇందులో ఒక్కొక్క దేశము పక్షమున ఒక స్త్రీయు ఒక పురుషుడును వచ్చుదురు. స్త్రీతో స్త్రీ ఆడును, పురుషునితో పురుషుడు ఆడును. పిమ్మట ఇద్దరును జతకూడి అవతలి జతతో మిక్స్‌డ్ డబుల్సు ఆడుదురు. మూడింటిలో రెండు గెలిచిన దేశము గెలిచినట్లు. స్త్రీ గెలిచిన ఆటకు ఒక లెక్క, పురుషుడు గెలిచిన ఆటకును ఒకటే లెక్క. ఎక్కువ తక్కువలు లేవు. 2020లో ఆ స్థానమున పురుషుల పోటీ యొకటి వచ్చినందున హాప్‌మన్ కప్పు ఆగిపోయెను. 2023లో ఫ్రాన్సు దేశపు నీస్ నగరములో తిరిగి జరిగెను. ఆస్ట్రేలియాలో 2023 జనవరికి యునైటెడ్ కప్పు అను పేరుతో మరల స్త్రీపురుషులు కలిసి ఆడు దేశముల పోటీ నెలకొనెను.

ఇప్పుడు ఒక ఆటగత్తె సంగతి చెప్పెదను. జర్మనీ దేశస్థురాలైన ఏంజెలిక్ కెర్బర్ పేరు టెన్నిసులో గొప్ప పేరు. 2016లో ఆస్ట్రేలియా, అమెరికా దేశముల గొప్ప పోటీలను, 2018లో వింబుల్డన్‌ను గెలిచినది. ఆమె 2018 జనవరిలో హాప్‌మన్ కప్పు ఫైనలు ఆడెను. అవతల స్విట్జర్లాండు. కెర్బర్ తన ఆటలో బెలిండా బెంచిచ్‌ను ఓడించెను. కాని ఆమె జతగాడైన అలెగ్జాండర్ జ్వెరెవ్ రోజర్ ఫెదరర్ చేతిలో ఓడెను. ఆఖరి జంట ఆటలోను జర్మనీ ఓడెను. కప్పు స్విట్జర్లాండుకు పోయెను.

మరుసటి సంవత్సరము, 2019 జనవరిలో, అదే చోట, అదే ఫైనలు, అవే రెండు దేశములు, ఆ నలుగురే. మరల కెర్బర్ బెంచిచ్‌ను ఓడించెను. మరల జ్వెరెవ్ ఫెదరర్‌కు ఓడెను. జంట ఆటలో చెరియొక సెట్టు గెలిచిరి. మూడవ సెట్టు టైబ్రేకు దాకా సాగి, అందులో నాలుగు నాలుగు పాయింట్లతో సమముగా నిలిచెను. ఆ పోటీ నియమము చొప్పున తరువాతి ఒక్క పాయింటు ఎవరిదో కప్పు వారిదే. అటు రెండు దేశములును ఒక్క బంతి దూరమున నిలిచిన గడియ అది! ఆ పాయింటు స్విట్జర్లాండుకు వచ్చెను.

చూచితిరా! రెండేండ్లు వరుసగా కెర్బర్ తన ఆట గెలిచి వట్టి చేతులతో తిరిగిపోయెను. రెండేండ్లు వరుసగా బెంచిచ్ తన ఆట ఓడి కప్పు ఎత్తెను. జంట ఆట ఓడుటలో కెర్బర్‌కును పాలు గలదన్నది నిజమే. అయినను మన త్రాసు పట్టుకొని చూచినచో ఇది అన్యాయముగానే కనబడును. గెలిచినదానికి లేదు, ఓడినదానికి కలదు!

తొందరపడి తీర్పు చెప్పకుడి. కథ ఇంకను కలదు.

కెర్బర్ 2023లో బిడ్డతల్లి ఆయెను. ఏడాదిన్నర ఆటకు దూరముగా నుండి, 2024 కొత్త సంవత్సరపు యునైటెడ్ కప్పుతో తిరిగి కోర్టులో అడుగుపెట్టెను. వయస్సు ముప్పదియారు కావచ్చినది. కాలు మునుపటివలె సాగలేదు, ఓటములు వచ్చెను. సెమీఫైనలులో జర్మనీకి ఆస్ట్రేలియాతో పోటీ పడెను. ఆ దినమున జ్వెరెవ్ ఓడెను. కెర్బర్‌యో ఓటమి అంచు వరకు పోయి, అక్కడనుండి తేరుకొని గెలిచెను. జంట ఆటలో జ్వెరెవ్, లారా సీగెముండ్ కలిసి గెలిచిరి. జర్మనీ ఫైనలుకు వచ్చెను.

సిడ్నీ నగరములో 2024 జనవరి 7న పోలండుతో ఫైనలు. కెర్బర్‌కు ఎదురుగా నిలిచినది అప్పటికి లోకమంతటిలో మొదటి స్థానమున నున్న ఇగా స్వియాటెక్. కెర్బర్ 6–3, 6–0 తేడాతో చిత్తుగా ఓడెను. రెండవ సెట్టులో ఒక్క గేమైనను దక్కలేదు. తరువాత జ్వెరెవ్ హుబర్ట్ హుర్కాజ్‌తో ఆడెను. మొదటి సెట్టు పోయెను. రెండవ సెట్టులో రెండు మారులు ఒక్క పాయింటు పోయినచో అంతయు ముగియు స్థితి వచ్చెను. రెండు మారులును తప్పించుకొని నిలిచి గెలిచెను. పిమ్మట సీగెముండ్‌తో కలిసి జంట ఆటయు గెలిచెను. కెర్బర్ ఆ జంట ఆట ఆడలేదు. అంచున కూర్చుండి చూచెను. కప్పు జర్మనీకి వచ్చెను. ఆనాడు చిత్తుగా ఓడిన కెర్బర్ చేతికిని ఆ కప్పు వచ్చెను.

ప్రియ చదువరులారా, ఇప్పుడు త్రాసు తీయుడి. 2018లో, 2019లో ఆమెకు అన్యాయము జరిగినదందుమా? అట్లయినచో 2024లో కప్పు ఆమె చేతిలోనుండి లాగుకొనవలెను. 2024లో ఆమెకు న్యాయమే జరిగినదందుమా? అట్లయినచో 2018లో, 2019లో బెంచిచ్‌ను తప్పుపట్టరాదు. ఒక్క దినమును మాత్రము చూచి తూచువానికి ఈ లెక్క ఎన్నటికిని కుదరదు. ఏల? కూడి చేయు పనిలో కొలత ఒక్కొక్కరికి వేరుగా పెట్టబడదు. కాడి మెడమీద పడినప్పుడే ఎడ్లు రెండును ఒక్కటే చాలు దున్నును. కుడి ఎద్దు దున్నిన చాలు ఇది, ఎడమ ఎద్దు దున్నిన చాలు ఇది అని ఏ రైతును చూపలేడు.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: "ఇట్లయినచో సోమరికి మంచి దారి దొరికెను గదా! తాను పనిచేయకున్నను పక్కవాని కష్టముమీద బ్రదుకవచ్చును." ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. మన ఊళ్లలో అట్టివారు లేకపోలేదు. కాని ఓడుట వేరు, ఆడకుండుట వేరు. స్వియాటెక్‌కు ఎదురుగా కెర్బర్ కోర్టులోనికి దిగెను. తాను చేయగలిగినంత చేసి ఓడెను. చేతనైనది చేసి ఓడినవారిని మోయుట జతవారి ధర్మము. చేయక తప్పించుకొనువాడు జతలోనే లేడు. వానిని మోయవలెనని ఎవరును చెప్పలేదు. ఇక మోయబడినవారు సోమరులగుదురా? బెంచిచ్‌ను చూడుడి. తన ఆట ఓడి రెండు మారులు కప్పు అందుకొన్న ఆమె, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో ఒంటరిగా ఆడి బంగారు పతకము గెలిచెను. పరుల చేత మోయబడిన కాలము ఆమె కాళ్లను విరుగగొట్టలేదు.

ఇంకొక సంగతి. మోయుటకన్న మోయబడుటయే కష్టము. సహాయము చేసినవాడు తలయెత్తి నడచును, పొందినవాడు తలవంచుకొనును. ఓడినదినమున జతగాని గెలుపులో పాలు పుచ్చుకొనుటకు గర్వము అడ్డువచ్చును. "నాకు వద్దు, నేను సంపాదించినది కాదు" అనుట వినయమువలె కనబడును గాని, లోపల అది తరచు గర్వమే. పంట పోయిన యేట తమ్ముని ఇంటి గింజలు పుచ్చుకొనలేక పస్తులున్న అన్నలు మనకు తెలిసినవారే. ఇచ్చిన తమ్ముడు ప్రతి పండుగకు ఆ గింజల మాట ఎత్తినందున మనసు విరిగిన అన్నలును తెలిసినవారే. ఇచ్చినవాడు చిట్టా వ్రాసికొనకూడదు, పుచ్చుకొన్నవాడు సిగ్గుపడకూడదు. ఈ రెండును కలిసిననే కాడి నిలుచును.

జంట ఆటలో మరియొక ఆపద కలదు. అవతలి నుండి వచ్చిన బంతి ఒక్కొక్కమారు ఇద్దరికి సరిగా నడుమ పడును. ఆమె కొట్టునని అతడు, అతడు కొట్టునని ఆమె నిలిచిపోవుదురు. ఇద్దరును చూచుచుండగానే బంతి నడుమనుండి పోవును. అది ఎవరి తప్పు? లెక్కలో అట్టి ప్రశ్నయే లేదు. పాయింటు ఇద్దరికిని పోయెను. మన సంఘములలో ఇట్టి నడిమి బంతులు ఎన్ని! రోగియైన విధవరాలి యింటికి ఎవరో ఒకరు పోవుదురని అందరును అనుకొందురు, ఎవరును పోరు. దీపమునకు నూనె, చిన్న పిల్లల చదువు, వృద్ధుని కూడు — అన్నియు నడుమ పడినవే. పాలు పంచుకొనుట అనగా గెలుపులో వాటా అడుగుట మాత్రమే కాదు. నడిమి బంతి నాదే అని ముందుకు అడుగు వేయుటయు పాలు పంచుకొనుటయే.

మన తెలుగునాట నుండియు ఒక నిదర్శనము కలదు. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా, కొడగు సీమవాడైన రోహన్ బోపన్న 2007లో హాప్‌మన్ కప్పులో భారతదేశము పక్షమున ఆడిరి. 2016లో రియో ఒలింపిక్సులో ఆ ఇద్దరే జంటగా ఆడి, పతకము ఒక్క మెట్టు దూరముండగా ఓడి నాల్గవ స్థానముతో తిరిగివచ్చిరి. అట్టి ఓటమి తరువాత ఎన్ని జతలు విడిపోవును! నీవలన పోయెననువారు లోకములో కొదువ లేదు. అయితే 2023 జనవరిలో సానియా తన చివరి గ్రాండ్‌స్లామ్ పోటీ ఆడ వచ్చినప్పుడు, మెల్‌బోర్నులో ఆమె పక్కన నిలిచినది ఆ బోపన్నయే. ఇద్దరును ఫైనలు వరకు వచ్చి, అక్కడను ఓడిరి. కప్పు రాలేదు. కాని కలిసి ఓడినవారు ఏడేండ్ల తరువాత మరల కలిసి నిలిచిరి. కప్పుకన్న ఇది తక్కువదా? మీరే చెప్పుడి.

కాబట్టి, చదువరీ, మొదటి ప్రశ్నకు తిరిగివత్తము. "వాని లోపమునకు నేనేల నష్టపడవలెను?" అని నీవు అడుగుదువు. దానితోకూడ మరియొక ప్రశ్నయు అడుగుము: "నా లోపమున్న దినమున ఎవరు నష్టపడిరి?" నీ జ్వరపు దినములలో నీ చేను ఎవరు తడిపిరి? నీ నోరు జారిన దినమున ఎవరు ఊరివారి మాట పడిరి? నీవు మరచియుందువు. మోసినవారు చిట్టా వ్రాయలేదు గనుక నీకు గుర్తుచేయువారును లేరు. నీవు గెలిచిన దినములు మాత్రము నీకు చక్కగా జ్ఞాపకమున్నవి!

కెర్బర్ 2024లోనే, పారిస్ ఒలింపిక్సు పిమ్మట, ఆట మానివేసెను. ఆమె తనకై గెలిచిన గొప్ప కప్పులు మూడు. నాల్గవది మరియొక విధమైనది. తాను ఓడిన దినమున ఇతరులు గెలిచి ఆమె చేతిలో పెట్టినది. మన యింట నేడు ఓడియున్నవారెవరో ఈ రాత్రి ఆలోచించుదము. వారు తలవంచుకొని అంచున కూర్చుండియుందురు. మన చేతిలో ఏ చిన్న గెలుపున్నను, దానిని పట్టుకొను చోటు వారికిని ఇత్తము. రేపు ఆ అంచున కూర్చుండు దినము మనది కావచ్చును.