దూరం అనే దోషం

డౌన్‌లోడ్ పూర్తయిందని తెర మీద కనబడితే ఫైలు మొత్తం చేరినట్టేనా? భారతీయ తర్కంలో ఇది ప్రామాణ్యవాదానికి చెందిన ప్రశ్న. జ్ఞానం యథార్థమన్న సంగతి ఆ జ్ఞానంతోపాటే తెలుస్తుందని, దోషం బయటపడేదాకా దాన్ని నమ్మాలని మీమాంసకులు అంటారు, ఇది స్వతఃప్రామాణ్యం. నైయాయికులది పరతఃప్రామాణ్యం. వారి లెక్కన యథార్థత మరో ఆధారంతో తేలాలి. ఎదుట నీళ్లు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి తాగితే దాహం తీరినప్పుడే ఆ చూపు నిజమని రూఢి అవుతుంది.

విశ్వనాథుడి న్యాయగ్రంథం భాషాపరిచ్ఛేదం భ్రమను కలిగించే దోషాల్లో పిత్తంతోపాటు దూరాన్నీ లెక్కపెట్టింది. చంద్రుడు చిన్నగా కనబడటం దూరం చేసే పనే. సముద్రాల అవతలి సర్వర్ విషయంలో ఈ దోషాన్ని అంకెల్లో కొలవవచ్చు. గాజుతీగలో కాంతి వేగం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు. అమెరికా తూర్పు తీరం నుంచి డేటా హైదరాబాద్ చేరి, అందినట్టు కబురు వెనక్కి వెళ్లేసరికి పావు సెకను గడుస్తుందనుకుందాం. టీసీపీ పద్ధతిలో పంపే యంత్రం ఒక విడత పంపాక ఆ కబురు కోసం ఆగాలి. విడత పరిమాణాన్ని పెంచేందుకు 1992లో ఆర్‌ఎఫ్‌సీ 1323 పత్రం నిర్వచించిన విండో స్కేలింగ్ దారిలో ఎక్కడైనా చెడితే ఒక విడతకు 65,535 బైట్లే కదులుతాయి. సెకనుకు నాలుగు విడతలు. లైను ఎంత పెద్దదైనా 4 గిగాబైట్ల ఫైలుకు నాలుగు గంటలు దాటుతుంది. ఈలోగా నడుమనున్న ప్రాక్సీ గడువు తీరి లైను తెంచవచ్చు, మళ్లీ అందుకోబోయేసరికి లింకు కాలం చెల్లవచ్చు. సర్వర్‌కు దగ్గర్లో ఉన్నవారికి అదే ఫైలు నిమిషాల్లో దిగుతుంది. "ఇక్కడ బాగానే వస్తోంది" అని నిర్వాహకుడు చెప్పేది అబద్ధం కాదు. దూరాన ఉన్నవారి అనుభవానికి మాత్రం అది ప్రమాణం కాదు. ఫిర్యాదు చేసినవారిని అనుమానించడానికి ఆ మాట చాలదు.

తెగిన చోటి నుంచి మిగతా భాగాన్నే అడిగే వీలు హెచ్‌టీటీపీలో ఉంది. సర్వర్ 206 సంకేతంతో ఆ ముక్క పంపుతుంది. అయితే అక్కడ ఫైలు ఈలోపే మారితే పాత తలకు కొత్త మొండెం అతుక్కోవచ్చు. సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1984లో అచ్చయిన వ్యాసంలో ఫైలు బదిలీనే ఉదాహరణగా తీసుకున్నారు. దారిలో ప్రతి మజిలీ జాగ్రత్తపడినా, చేరాక కొసన సరిచూడక తప్పదని వాదించారు. దిగిన ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ విలువ కట్టి, ప్రచురించినదానితో పోల్చడం ఆ పనే. నైయాయికుల నీళ్లు తాగి చూసే పరీక్ష కూడా ఇలాంటిదే.

మీమాంసకుల ఎదురుప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. ఆ 64 అక్షరాల విలువ కూడా అదే సర్వర్ నుంచి వచ్చింది కదా, దాన్ని దేనితో సరిచూడాలి? డిజిటల్ సంతకంతో అంటే, ఆ సంతకపు తాళంచెవి ఎవరిదని ఎలా తెలుస్తుంది? ఇలా సాగితే అంతులేని వరస, అంటే అనవస్థే మిగులుతుంది. మీమాంసకుడైన కుమారిలుడి పక్షానికి బలం ఇక్కడుంది: సందేహానికి కారణం ఉండాలి. డౌన్‌లోడ్ మరమ్మతు ఆ కారణాన్ని వెతకడంతోనే మొదలవుతుంది. ప్రతిసారీ ఒకే వ్యవధి తర్వాత తెగితే దోషం గడువుది. ఒకే బైటు దగ్గర ఆగితే పరిమాణపు హద్దును చూడాలి. ఫ్యాట్32 డిస్కులో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటలేదు. ఒక్కోసారి ఒక్కోచోట తెగితే లైనును అనుమానించాలి. పరిమాణం సరిపోయి విలువ కలవకపోతే వెతకాల్సింది అతుకు పడిన చోట.