“ఇక నేనెందుకు?”

సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే గల మన అనంతపురం మెట్టసీమలో వేరుశెనగ ఎండినప్పుడు బిడ్డలు బెంగళూరికి కూలికి పోవుదురు. ముసలివారు ఇల్లు కాచుకొని ఉందురు. “ఇక నేనెందుకు?” అను మాట ఆ అరుగులమీదనే పుట్టును.

ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరినప్పుడు (1 రాజులు 19) దేవుడు గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును ఇచ్చెను, అదియు రెండు మారులు. పని తరువాతనే చెప్పెను. నేనో, నిద్రపట్టని ఒక అవ్వతో “విశ్వాసము చాలదమ్మా” అని వచ్చితిని! సిగ్గుపడుచున్నాను. ఆమెను వైద్యునియొద్దకు తీసికొనిపోవలసినది.

71వ కీర్తన పాడినవాడు బలము ఉడుగుచున్నదని దాచలేదు. అయినను రాబోవు తరమునకు చెప్పవలసినది తనయొద్ద ఉన్నదని ఎరుగును. మన అవ్వతాతలు ఎన్ని కరవులు దాటిరో! ఈ ఆదివారము ఆరాధనయైన పిమ్మట ఒకరి అరుగుమీద కూర్చుండి, సంగటి పంచుకొని, ఆ సంగతి అడుగుడి.